రాయిని ముట్టుకోని తాత

మొన్న ఆదివారం మా కాప్రాలో పక్క ప్లాట్‌వాళ్లు పునాది తీస్తుంటే పెద్ద రాతి గుండు తగిలింది, సందులోకి జేసీబీ రాదు, ఇంక అది కదిలేది కాదనుకున్నా. పొద్దున్నే ఆరుగురు వచ్చారు, గడ్డపారలు, రెండు మొద్దులు, అంతే. వాళ్లతో ఒక ముసలాయన. ఆయన రాయి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చుట్టూ తిరిగి చూసి, పిడికెడంత రాయి ఒకటి కింద పెట్టించి, దాని మీద గడ్డపారలు ఆనించి "ఐలెస్సా" అన్నాడు, వీళ్లు "హైలెస్సా" అని ఒక్కసారే తొక్కారు. కేకకో రెండు వేళ్లంత లేస్తోంది, లేచిన సందులో వెంటనే ఇంకో రాయి తోసేస్తున్నారు.

టీ ఇస్తూ అడిగా, అంత బరువెట్ల లేస్తుంది తాతా అని. "అందరి జోరు ఒక్కపారే పడాలె బిడ్డా, ఒక్కడు ముందుగాల నూకినా అది లెవ్వది" అన్నాడు.

నాకు వెంటనే ఈజిప్టు బొమ్మ గుర్తొచ్చింది. క్రీ.పూ. 1900 ప్రాంతంలో జెహుటిహోటెప్ అనే అధికారి సమాధి గోడ మీద వేసింది, 172 మంది నాలుగు వరసల్లో తాళ్లు పట్టుకుని, చక్రాల్లేని చెక్క బండి మీద పెద్ద విగ్రహాన్ని లాగుతుంటారు, అది 58 టన్నులు ఉండొచ్చని అంచనా. బండి ముందు ఒకడు నీళ్లు పోస్తున్నాడు. అది ఏదో పూజ కోసమని చాలామంది అనుకున్నారు కానీ 2014లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్లు చేసి చూస్తే, ఇసుక సరిగ్గా తడిస్తే లాగే బలం సగం చాలు. అన్నిటికన్నా నాకిష్టం విగ్రహం మోకాళ్ల మీద నిలబడి చప్పట్లు కొడుతున్న మనిషి. అచ్చం మా తాతే!

పసిఫిక్ సముద్రంలో ఈస్టర్ ఐలాండ్‌లో ఉన్న మోయ్‌లు, అంటే పెద్ద రాతి విగ్రహాలు కూడా అంతే, కొన్నేళ్ల కిందట 18 మంది 4 టన్నుల పైనున్న నమూనాని తాళ్లతో అటూ ఇటూ ఊపుతూ నిలబెట్టే నడిపించారు, మనం గ్యాస్ సిలిండర్ జరుపుతామే అలా.

ఇవన్నీ ఏలియన్స్ చేశారని వాట్సాప్‌లో వీడియోలొస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రాయి ఎంత కష్టమో హైదరాబాదోళ్లకి తెలియనిదా, 1990లో బార్జి ఒరిగి బుద్ధుడు హుస్సేన్‌సాగర్‌లో పడిపోయాడు, ప్రాణాలు పోయాయి, మళ్లీ తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్ అయ్యింది, అదీ మెషీన్లున్న కాలంలో.

మధ్యాహ్నానికి గుండు గోడ పక్కకి చేరింది. అది లేచిన చోట మట్టి ఇంకా తడిగా, చల్లగా ఉంది, తాత చెప్పులు విప్పి అందులో కాసేపు నిలబడ్డాడు.