సైబీరియా కొంగలు, ఢిల్లీ లెక్కలు

రాజకీయాల వల్ల స్నేహాలూ చుట్టరికాలూ చెడిపోతున్నాయని ఈ మధ్య అందరూ వాపోతున్నారు గానీ, మా అనంతపురానికి అదేమీ కొత్త ముచ్చట కాదు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండి పోటీ చేసిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి అనంతపురం శాసనసభ స్థానంలో ఓడించింది స్వయానా తన బావ నీలం సంజీవరెడ్డిని. ఆ బావ తర్వాతి కాలంలో ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. బావమరిది పార్లమెంటు దాకా వెళ్లి కూడా చివరికి విప్లవ రాజకీయాలనే నమ్ముకుని, 1976లో కన్నుమూశారు. పండగ పూట ఆ ఇంటి ఆడవాళ్లు ఎవరి పక్షం వహించి మాట్లాడేవారో వినాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతులు చరిత్ర పుస్తకాలకు ఎక్కవు.

నాకు ఉన్న బావమరిది లాంటి మనిషి డిగ్రీ నాటి మిత్రుడు ఒకడు. వాడిది గోరంట్ల. ఢిల్లీలో ఏ నిర్ణయం వెలువడినా వాడు ఒక గట్టున, నేను ఒక గట్టున నిలబడతాము. ఈ ఏడాది మా ఇద్దరి మధ్య నలుగుతున్నది నియోజకవర్గాల పునర్విభజన. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలనే లెక్క ఇప్పటికీ 1971 జనాభా మీదే నడుస్తోంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఆ సంఖ్యలను కదలకుండా కట్టేసింది, 2001లో 84వ సవరణ ఆ కట్టును 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. కుటుంబ నియంత్రణ పాటించమని ప్రభుత్వం చెబితే విన్న రాష్ట్రాలకు, ఆ విన్నందుకే పార్లమెంటులో బలం తగ్గడం న్యాయం కాదన్నది నా వాదన. ఉత్తరప్రదేశ్‌లో ఒక సభ్యుడు మోసే జనం కేరళ సభ్యుడు మోసే జనం కంటే ఎక్కువైనప్పుడు అక్కడి మనిషి ఓటుకు విలువ తగ్గినట్టే కదా అన్నది వాడి వాదన. నా పక్షమే సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే వాడి ప్రశ్నకు మన దక్షిణాది నాయకులు గొంతు పెంచి బదులిస్తున్నారే తప్ప, నెమ్మదిగా కూర్చోబెట్టి జవాబు చెప్పిన వారు నాకు తక్కువగానే కనబడ్డారు.

దీనికి తోడు వాడికి సొంత నొప్పి ఒకటి ఉంది. 2008లో స్థానాల సంఖ్య మార్చకుండా సరిహద్దులు మాత్రం తిరగరాసినప్పుడు గోరంట్ల నియోజకవర్గం రద్దయింది, నల్లమాడ కూడా పోయింది, పుట్టపర్తి కొత్తగా వచ్చింది. "మా ఊరి పేరే అసెంబ్లీలో లేకుండా పాయె, నాకు నువ్వు డీలిమిటేషన్ గురించి చెప్తావేమప్పా" అని వాడు అంటే నేను టీ గ్లాసు చేతిలోకి తీసుకుని ఊరుకుంటాను.

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయే రోజుల్లో మేమిద్దరం వీరాపురం వెళ్లాము. బెంగళూరు రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాటక ముందే చిలమత్తూరు వైపు తిరిగితే వచ్చే ఊరు అది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి చింతచెట్ల మీద ఏటా వందల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. ఒంటి మీద తెలుపు, రెక్కల మీదా రొమ్ము మీదా నల్లటి పట్టీలు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు, నారింజ రంగు బోడి తల, చివర కాస్త కిందికి వంగిన పొడుగు ముక్కు. పెద్ద పక్షులకు గొంతు దాదాపు లేనట్టే, జంట కలిసినప్పుడు ముక్కులు టకటకలాడించడమే వాటి మాట. మేము చూస్తుండగా ఒకటి తన కంటే పొడుగైన పుల్లను మోసుకొచ్చి కొమ్మ మీద అడ్డంగా పెట్టింది, జంటపక్షి దాన్ని తీసి నిలువుగా గుచ్చింది, వచ్చినది మళ్లీ లాగి అడ్డంగా పెట్టింది. నా మిత్రుడు నా వైపు చూసి నవ్వాడు గాని ఏమీ అనలేదు. చెట్ల కింద రెట్ట వాసన ముక్కు పగిలేట్టు ఉంటుంది. ఆ వాసనలోనే ఊరివాళ్లు పశువులకు మేత వేసుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు, టపాకాయలు మాత్రం పేల్చరు.

అక్కడే మా అసలు గొడవ మొదలైంది. ఊళ్లో అందరూ వీటిని సైబీరియా కొంగలంటారు, పత్రికలు కూడా ఏటా అదే రాస్తాయి. నా మిత్రుడు కూడా వేల మైళ్లు ఎగిరి వచ్చాయంటూ మురిసిపోతున్నాడు. నిజానికి ఇవి పెయింటెడ్ స్టార్క్‌లు, ఈ ఉపఖండం పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరిగే జాతి. అసలు సైబీరియా కొంగ వేరు, అది ఒళ్లంతా తెల్లగా ఉండే క్రేన్. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది, 2002 తర్వాత అక్కడ కూడా కనబడలేదు. నేను ఇది చెబితే వాడు ఒప్పుకోలేదు, పక్కనే ఉన్న పెద్దాయనను సాక్ష్యానికి పిలిచాడు. ఆయన బీడీ నలుపుతూ, "యాడనుంచి వస్తే ఏం సామీ, ఇవి వస్తే మాకు వానలు బాగుంటాయి" అని ఇద్దరినీ ఒకే మాటతో పంపేశాడు.

తిరుగు ప్రయాణంలో నిజమైన విదేశీయులను చూపిస్తానని చెప్పి, పెనుకొండ దాటాక బండి ఆపించాను. రోడ్డు పక్కన ఆకులు రాల్చి పూలతో నిండిన మోదుగ చెట్టు మీద గులాబీ గోరింకలు దండుగా వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పూలలో మూతి పెట్టి తేనె తాగుతున్నాయి. ఒళ్లు లేత గులాబీ, తలా రెక్కలూ నలుపు. ఇవి మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లలను పెట్టి, వానాకాలంలోనే మన దగ్గరకు వచ్చేస్తాయి, జొన్న చేలలో తిని, వేసవి ముదిరే లోపు వెళ్లిపోతాయి. రైతు వీటిని డబ్బా కొట్టి తరుముతాడు తప్ప, ఎక్కడి నుంచి వచ్చాయని అడగడు. ఇంటి పక్షిని విదేశీయని ముద్దు చేసి, దూరం నుంచి వచ్చినదాన్ని పొలం దొంగగా లెక్కవేయడం మనకు బాగా అలవాటైన పనే అనిపించింది. వాడితో అన్నాను కూడా. "దీంట్లోకి రాజకీయం తేవద్దు" అన్నాడు వాడు, దారి పొడుగునా రాజకీయమే మాట్లాడిన మనిషి.

అయితే వాడిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఆ రాత్రే కొంగల గురించి వెతికి, చదివి, అవి సైబీరియావి కావని మా కాలేజీ గ్రూపులో తానే పెట్టాడు. మర్నాడు ఉదయం అదే గ్రూపులో, పునర్విభజన తర్వాత ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో ఊరూ పేరూ లేని పట్టిక ఒకటి వేశాడు. ఈ అంకెలకు ఆధారం ఏమిటని అడిగితే, నీ వాదనకు ఆధారం చూపించు ముందు అన్నాడు. నేను రాజ్యాంగంలోని 81వ అధికరణం పంపాను. స్థానాలకూ జనాభాకూ మధ్య నిష్పత్తి వీలైనంత వరకు అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండాలన్న వాక్యం దగ్గర గీత గీసి, "నేను చెప్తాండేది ఇదే కదప్పా" అని తిరిగి పంపాడు. దాని కిందే 1971 లెక్కల షరతు ఉంది, అది కూడా చదవమన్నాను. చదివాడట, ఆదివారం ఇంటికి వచ్చి మాట్లాడతానన్నాడు.