గండభేరుండానికి కథ దొరికిన విధం

బొమ్మలు పంపిన మూడో రోజు ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "పక్షి అదిరిందమ్మా. ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. ఇంతకీ కథేంటి?"

కథ లేదు. పదకొండు బొమ్మలున్నాయి. అన్నిట్లోనూ గండభేరుండం, అదే రెండు తలల పక్షి, రెక్కలు విప్పి నిలబడి ఉంది. ఒకదాంట్లో వెనక మెరుపులు, ఇంకోదాంట్లో గోళ్ల కింద ఏనుగులు, మరోదాంట్లో ఎర్రటి సూర్యుడు. ఒక్కో రెక్కకు రెండేసి రాత్రులు పట్టింది, ఈకకు ఈక విడిగా గీశాను మరి. ఆయన అడిగాక మళ్లీ చూసుకుంటే అవన్నీ సినిమా పోస్టర్లే. హీరో వచ్చి నిలబడ్డాడు, సినిమా మొదలవలేదు.

పగలు నేను ఒక ఐటీ కంపెనీలో యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తాను. పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయాలన్నది ఎప్పట్నుంచో ఉన్న పిచ్చి. బెంగళూరులోనే పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థవాళ్లు, పురాణాల్లోని వింత జీవుల్లో ఒకదాన్ని తీసుకుని కథ మీరే అల్లండి, ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు, అన్నారు. గండభేరుండాన్ని పట్టుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు. ఈ ఊళ్లో ఆ పక్షిని తప్పించుకుని తిరగడం కష్టం. మైసూరు రాజులు ఒడయార్ల చిహ్నం అది. తర్వాత కర్ణాటక ప్రభుత్వ చిహ్నం అయింది. ఎర్ర డాలు మీద తెల్లటి రెండు తలల పక్షి, అటూ ఇటూ ఏనుగు తొండమున్న సింహాలు. ఊరికి పోదామని మెజెస్టిక్ బస్టాండులో కేఎస్సార్టీసీ బస్సు ఎక్కితే, ఆ బస్సు మీదా అదే.

ఎడిటర్ గారు లెక్క కూడా చెప్పారు. పుస్తకం 32 పేజీలు. ప్రెస్సులో పెద్ద షీటును మూడు మడతలు వేస్తే 16 పేజీలొస్తాయి, అలాంటివి రెండు. టైటిలు, ప్రచురణ వివరాలు పోగా నా చేతికి మిగిలేవి పదమూడో పద్నాలుగో స్ప్రెడ్లు. స్ప్రెడ్ అంటే పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండు పేజీలు. "పేజీ తిప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారాలమ్మా" అన్నారు. నా పదకొండు బొమ్మల్లో ఆకాశం రంగు తప్ప ఏదీ మారదు.

అందరికీ మొదట తట్టేదే నాకూ తట్టింది. పంచతంత్రంలో భారుండ పక్షి ఉంది కదా, రెండు తలలు, ఒకటే పొట్ట. ఒక తలకు అమృతం లాంటి పండు దొరుకుతుంది. నాకూ కాస్త పెట్టమంటుంది రెండోది. ఎవరు తింటే ఏం, పోయేది ఒకే పొట్టలోకి కదా అంటుంది మొదటిది. ఆ కసితో రెండో తల ఒక రోజు విషపు కాయ మింగుతుంది. ఇక రెండూ చస్తాయి.

దసరా సెలవులకు అనంతపురం నుంచి అక్క, అక్క కూతురు మా రామమూర్తినగర్ ఇంటికి వచ్చారు. పాపకు ఏడేళ్లు, నాకు సరిపోయిన వయసు. కథ చెప్పాను. పక్షి చచ్చిపోయిందనగానే "అంతేనా?" అని టీవీ వైపు తిరిగింది. బోర్లా పడుకుని కార్టూన్ చూస్తూ చూస్తూ, ఎప్పటికో, "పొట్ట నిండుతుంది గానీ నోటికి రుచి తెలీదు కదా పిన్నీ" అంది. ఆ మాట వెంటనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చిన్నప్పట్నుంచీ విన్న కథే, కానీ పేచీ ఆకలి గురించి కాదని, రుచి గురించని నాకు ఎప్పుడూ తట్టలేదు.

అయినా ఆ కథ నాకు పనికిరాలేదు. పడుకోబోయే ముందు చదివే పుస్తకంలో చివరి పేజీన పక్షి శవం ఉండకూడదు. ముగింపు మార్చి చూశాను. విషం తీసేస్తే మిగిలింది నీతి ఒక్కటే.

తర్వాత కొన్ని రోజులు పరిశోధన చేశాను. నిజం చెప్పాలంటే తప్పించుకు తిరిగాను. బొమ్మలేసేవాళ్లకు పరిశోధన మంచి సాకు, కష్టపడుతున్నట్టే ఉంటుంది. కర్ణాటకలోని బళ్లిగావిలో 1047 నాటి స్తంభం మీద గండభేరుండానికి మనిషి ఒళ్లు, రెండు పక్షి తలలు. విజయనగరాన్ని 1529 నుంచి 1542 దాకా ఏలిన అచ్యుతదేవరాయల నాణెం మీద అది ముక్కుల్లోనూ గోళ్లలోనూ ఏనుగుల్ని పట్టుకుని ఎగురుతుంది. చిటికెన వేలి గోరంత బంగారంలో ఒక పక్షి, దాని చేతికి చిక్కిన ఏనుగులు! నేను ఎ3 కాగితం చాలడం లేదని గొణుక్కుంటున్నాను.

ఒక శనివారం తెల్లవారుజామున బయల్దేరి, హాసన్‌లో బస్సు మారి బేలూరు వెళ్లాను. హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠ చేయించిన చెన్నకేశవ గుడి. మిట్టమధ్యాహ్నం ఆ రాతి అరుగు మీద ఉత్త కాళ్లతో నడవడం ఒక పరీక్ష. నీడ కోసం గోడకు ఆనుకుని వెళుతుంటే గైడు ఒక చోట ఆపాడు. ఆయన చూపించకపోతే దాటిపోయేదాన్నే. జింకను కొండచిలువ మింగుతోంది. కొండచిలువను ఏనుగు ఎత్తింది. ఏనుగు మీద సింహం పడింది. సింహాన్ని శరభమనే పురాణ మృగం పట్టింది. శరభాన్ని గండభేరుండం. బలపపు రాయిలో ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా.

నాకు వెంటనే ఏడు చేపల కథ గుర్తొచ్చింది. అదే అల్లిక, ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లే కథ. తిరుగు బస్సులోనే పన్నెండు చిన్న గళ్లు గీసి మొత్తం సర్దేశాను. బెంగళూరు చేరేసరికి కథ దొరికిందన్న సంబరంలో టీ డబ్బులు రెండుసార్లు ఇచ్చాను.

ఎడిటర్ గారు చూసి, "ఇది జింక కథ. మీ పక్షి పదకొండో స్ప్రెడ్డులో వస్తోంది, వచ్చాక మళ్లీ నిలబడి ఉంది" అన్నారు. కోపం వచ్చింది. రెండు రోజులు ఆ ఫైలు తెరవలేదు. మూడో రోజు తెరిస్తే ఆయన చెప్పింది కరెక్టే.

ఆ కోపంలోనే పద్ధతి మార్చాను. అది ఎంత గొప్పదో గీయడం మానేసి, దానికి రోజూ ఏం ఇబ్బందో రాయడం మొదలుపెట్టాను. ఒక తలకు నిద్రొస్తే రెండోది ఏం చేస్తుంది? తుమ్మొస్తే ఎవరికి? కరెంటు తీగ మీద కూర్చుంటే ఎటు ఒరుగుతుంది? పాప కూడా చేరింది. "ఒకదానికి జలుబు చేస్తే రెండోదానికి ఐస్‌క్రీమ్ పెట్టరా?" అంది. ఇది చాలా పెద్ద అన్యాయమని ఇద్దరం ఒప్పుకున్నాం. నలభై దాకా ప్రశ్నలు పోగయ్యాయి. ఎక్కువభాగం చెత్త. కానీ ప్రతి ప్రశ్నలోనూ పక్షి ఏదో ఒకటి చేస్తోంది. కనీసం నిలబడి లేదు.

పాప ఆడుకోవడానికని పార్సిల్ వచ్చిన అట్టపెట్టె చింపి ఒక పక్షిని కత్తిరించాను. మెడల దగ్గర కత్తెర తిప్పుతుంటే చెయ్యి ఆగింది. ఒక ముక్కు ఎడమకి, ఇంకోటి కుడికి. ప్రభుత్వ చిహ్నంలో అంతే, బస్సు మీద అంతే, నా పదకొండు పోస్టర్లలోనూ అంతే. ఇన్ని రోజులు గీస్తూ నేను చూడనిది ఏంటంటే, ఈ రెండు తలలూ ఒకదాని మొహం ఒకటి ఎప్పుడూ చూసుకోలేదు. ఒకటి చూసేది రెండోదానికి కనపడదు, చెబితే నమ్మాల్సిందే.

"చిన్నప్పుడు రైల్లో మనలాగా" అంది అక్క, ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే.

వేసవిలో హిందూపురం నుంచి ప్యాసింజర్‌లో బెంగళూరులోని అత్త ఇంటికి వచ్చేవాళ్లం. నాన్న ఎప్పుడూ అక్కను ఎడమ కిటికీ దగ్గర, నన్ను కుడి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో సంచులతో తను కూర్చునేవాడు. గౌరీబిదనూరు దాటాక మాకళిదుర్గ కొండ వస్తుంది, పైన కోట ఉంటుంది. అక్క కోట కోట అని అరిచేది. నా వైపు రైల్వే గేటు, దాని దగ్గర ఆగిన ఎడ్ల బండి. నేను ఎడ్లబండి అని అరిచేదాన్ని. అబద్ధాలు చెబుతున్నావంటే నువ్వే చెబుతున్నావని నాన్న మీదుగా కొట్టుకునేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడూ అక్కది ఎడమ కిటికీయే, నాది కుడిదే. కానీ రైలు ఇటు తిరిగింది కదా! ఆ కోట నా కిటికీలోకి వచ్చింది. గేటు దగ్గర మాత్రం అక్కకు ఎడ్లబండి కనపడలేదు. అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పటికీ అక్క ఆ బండిని నమ్మదు.

ఆ రాత్రి కూర్చుని గళ్లు గీశాను. ఆరు స్ప్రెడ్లు పోవడం, ఆరు రావడం, మధ్యలో ఏడోది పక్షి వెనక్కి తిరగడం. మొత్తం పదమూడు. లెక్క దానంతట అదే కుదిరింది. ఎడమ పేజీలో ఎడమ తల చూసేవి, కుడి పేజీలో కుడి తల చూసేవి. పొద్దున ఒకటి చూసి చెప్పింది సాయంత్రం రెండోదానికి కనిపిస్తుంది, కానీ అచ్చం అలాగే కాదు. చెరువులో ఈదుతున్న గేదెలు అప్పటికి గట్టెక్కి ఉంటాయి. ఆరేసిన చీరను ఎవరో తీసేసి ఉంటారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. రెండు పేజీలూ కలిసే మడతను గట్టర్ అంటారు. ముఖ్యమైనదేదీ అక్కడ వేయకూడదు, బైండింగ్ మింగేస్తుంది. నా పక్షి ఒళ్లు సరిగ్గా అక్కడే పడింది. మొదట పక్కకు జరపాలని చూశాను, బొమ్మ పాడైంది. సరే, మింగనీ అని వదిలేశాను. మడతలోంచి అటో మెడ, ఇటో మెడ పుట్టుకొచ్చినట్టుంది. పోస్టర్లలో అంత కష్టపడి గీసిన ఈకల్లో సగం పోయాయి. బాధపడలేదని అనను.

కాగితాలు మడిచి మధ్యలో పిన్నులు కొట్టి డమ్మీ తయారుచేశాను. పాప చదువుకుంది, గేదెల దగ్గర నవ్వింది, ఏడో స్ప్రెడ్డు దగ్గర పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి చూసింది. నేను అలా తిప్పమని చెప్పలేదు. చివరి పేజీ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా పుస్తకం మూస్తూ, సందులోంచి తొంగి చూసింది.

"పిన్నీ, మూస్తే చూసుకుంటున్నాయి."

పుస్తకం లాక్కుని చూశాను. నిజమే. మూసేటప్పుడు ఎడమ పేజీ వచ్చి కుడి పేజీ మీద వాలుతుంది, ఒక మొహం మీద ఇంకో మొహం. కాకపోతే నా బొమ్మలో ఒక తల కాస్త పైకి ఉంది, ఎడమ కన్ను వెళ్లి కుడిదాని ముక్కు మీద పడుతోంది. వాళ్లు అనంతపురం బస్సెక్కాక స్కేలు పెట్టి కొలిచాను, తొమ్మిది మిల్లీమీటర్ల తేడా. పదమూడో స్ప్రెడ్డు మళ్లీ గీస్తున్నాను.