కామెంట్లు పెరిగిన నెల

కౌలాలంపూర్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో పనిచేస్తున్నాను. అప్పట్లో ఓ విదేశీ ఫుడ్ బ్రాండు మలేసియా పేజీ నేనే చూసేదాన్ని. పోస్టులు పెట్టడం, కామెంట్లకు జవాబివ్వడం, సోమవారం పొద్దున్నే క్లయింటుకు రిపోర్టు పంపడం నా పని. మలయ్ భాష టీములో అమ్మాయిల దగ్గరే నేర్చుకున్నాను.

2023 అక్టోబరు దాకా ఆ పేజీలో పెద్ద గొడవలేమీ లేవు. ఆఫర్ ఎప్పటిదాకా, చక్కెర తగ్గించి ఇస్తారా, ఇలాంటి ప్రశ్నలే. గాజా యుద్ధం మొదలైన కొన్నాళ్లకు మామిడి డ్రింకు ఫొటో పెడితే కింద వరసగా పుచ్చకాయ ముక్కల బొమ్మలు వచ్చాయి. మొదట నాకు అర్థం కాలేదు. పుచ్చకాయలో కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు పాలస్తీనా జెండా రంగులని పక్క సీటు అమ్మాయి చెప్పింది.

జనం కోపంతో కొనడం మానేసింది మా బ్రాండు ఒక్కటే కాదు. అప్పట్లో ఇజ్రాయెల్‌లో మెక్‌డొనాల్డ్స్ నడిపిన సంస్థ అక్కడి సైనికులకు ఉచితంగా భోజనాలు ఇచ్చింది. మలేసియాలో నడిపేది వేరే సంస్థ, యజమానులు సౌదీవాళ్లు. ఆ మాట చెప్పుకున్నారు, పాలస్తీనా సహాయ నిధికి 10 లక్షల రింగిట్లు ఇచ్చారు. అయినా కోపం చల్లారలేదు. ఇక్కడ స్టార్‌బక్స్ నడిపే బెర్జాయా ఫుడ్‌కు ఆ ఏడాది చివరి మూడు నెలల ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 38 శాతం పడిపోయింది.

జనం తెలియక అలా చేశారని నేను అనుకోను. ఏ దేశం వెళ్లినా అదే రుచి, అదే నమ్మకం అని ఇన్నేళ్లు ఊదరగొట్టింది మాలాంటి ఏజెన్సీలే. ఇప్పుడొచ్చి "ఆ దేశంలో వాళ్లు వేరు, ఇక్కడ మేము వేరు" అంటే ఎవరు నమ్ముతారు?

అయితే సోమవారం రిపోర్టులో మాత్రం అన్నీ పచ్చగా కనిపించేవి. తిట్టినా, మెచ్చుకున్నా సాఫ్ట్‌వేర్‌కు అది ఒక కామెంటే. ఎంగేజ్‌మెంట్, అంటే పేజీలో జనం స్పందన, పెరిగిందని చూపించేది.

ఆ రోజుల్లోనే ఓ పోస్టులో బ్రాంచిలో పనిచేసే అమ్మాయి ఫొటో వాడాం. తలకు లేత నీలం తుడుంగ్ (ఇక్కడి ముస్లిం అమ్మాయిలు కట్టుకునే తలగుడ్డ), రెండు చేతుల్లో కప్పు, నవ్వు ముఖం. ముస్లింవై ఉండి ఇక్కడ పనిచేయడానికి సిగ్గులేదా అని మొదలై, రాయలేని మాటల దాకా వెళ్లింది. రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "కాక్, మా అమ్మ అవన్నీ చదువుతోంది. ఫొటో తీసేస్తారా?" కాక్ అంటే మన అక్కే.

క్లయింటు ఒప్పుకోలేదు. ఆ నెలలో అన్నిటికంటే ఎక్కువ కామెంట్లు వచ్చిన పోస్టు అదే మరి. మర్నాడు మీటింగులో స్లైడ్లు పక్కన పెట్టి ఆ కామెంట్లను ఒక్కొక్కటే పైకి చదివాను. నా మలయ్ ఉచ్చారణ అంత బాగుండదు. అయినా అందరికీ అర్థమైంది. పదో కామెంటు దగ్గర క్లయింటు చెయ్యెత్తి "చాలు, తీసెయ్యండి" అన్నారు.

అక్కడే కూర్చుని తీసేసి ఆ అమ్మాయికి చెప్పాను. తర్వాతి సోమవారం రిపోర్టులో గీత కిందికి దిగింది. పక్కన కారణం రాసే గడిలో "ఉద్యోగి ఫొటో తీసేశాం" అని రాసి పంపాను.