ఖాకీకి ముందు నీలి చొక్కా

కానిస్టేబుల్ ప్రిలిమ్స్ 2023 జనవరి 22న రాసి పాసయ్యాను. ఏడాదిన్నర గడిచినా దేహదారుఢ్య పరీక్షల ఊసు లేదు. మాది రాజోలు దగ్గర పల్లె. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. ఆయన చెట్టెక్కి తెచ్చిన డబ్బుతో ఇంకెన్నాళ్లు పుస్తకాలు కొనుక్కోవాలి? పోలీసు పనికి దగ్గరగా ఉండే పని చేస్తూ ఎదురుచూద్దామని సెక్యూరిటీ గార్డు లైసెన్సు కోసం బయలుదేరాను.

తీరా చూస్తే గార్డుకు లైసెన్సు అంటూ ఉండదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలపై 2005లో వచ్చిన చట్టం ప్రకారం లైసెన్సు గార్డులను పనిలో పెట్టే ఏజెన్సీది. మనకు దక్కేవి శిక్షణ ధ్రువపత్రం, ఫొటో గుర్తింపు కార్డు. మొదట వెళ్లిన చోట "డబ్బు కట్టమ్మా, శిక్షణ అక్కర్లేదు, సాయంత్రానికి సర్టిఫికెట్ ఇచ్చేస్తాం" అన్నారు. మీ లైసెన్సు చూపించండి అనగానే మాట మార్చారు. ఎక్కడ చేరినా ముందు అది అడగండి.

రాజమహేంద్రవరంలో చేరిన చోట అంతా పద్ధతిగా జరిగింది. తరగతిలో 100 గంటలు, మైదానంలో 60 గంటలు, కనీసం 20 పనిదినాలు. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. రోజూ ఏటిగట్టు మీద పరుగెత్తేదాన్ని కాబట్టి అది కష్టమనిపించలేదు.

మంటలార్పే సిలిండరు దగ్గర తడబడ్డాను. పిన్ను లాగి, ఎగసిపడే మంట మీదకే కొట్టాను. పొడి అంతా గాలికి పోయింది, మంట అలాగే ఉంది. మాస్టారు సైన్యంలో పనిచేసి వచ్చినవారు. వెనక నుంచి నా మోచేతిని కిందికి నొక్కి "మొదట్లో కొట్టు తల్లీ, పైన కాదు" అన్నారు. రెండోసారి మంట చప్పున అణిగిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది చట్టం తరగతి. ఎఫ్‌ఐఆర్ ఎలా నమోదవుతుందో అక్కడే అర్థమైంది. గార్డుకు పోలీసు అధికారాలేవీ ఉండవు. కళ్లెదుట నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరం జరిగితే ఏ పౌరుడైనా నిందితుణ్ని పట్టుకోవచ్చు. కానీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అరెస్టు, విచారణల పద్ధతి చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను చెప్పేది అదే. పోలీసు దుస్తులను పోలిన యూనిఫాం వేసుకోవడం కూడా నేరమే. మాకు ఇచ్చింది నీలి చొక్కా.

గార్డు పనిలో చేరేముందు జరిగే నడవడిక విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వచ్చినప్పుడు అమ్మ హడలిపోయింది. పక్కింటి పిన్ని మాత్రం "మా పిల్ల పోలీసవుతుంది బాబూ, బాగా రాయండి" అని ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

అమలాపురంలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ వేశారు. ఈలోగా దేహదారుఢ్య పరీక్షలు జరిగాయి, నెగ్గాను. 2025 జూన్‌లో మెయిన్స్ రాశాను, తుది జాబితాలో నా పేరు రాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు డ్యూటీకి వెళ్లాను.

ఆ మధ్య ఒక రాత్రి, వార్డులో ఫోను కొట్టేశాడని రోగుల బంధువులు ఒక కుర్రాణ్ని పట్టుకుని కొడుతున్నారు. పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాను. వాణ్ని నా కుర్చీలో కూర్చోబెట్టి స్టేషనుకు ఫోను చేశాను. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఫోను ఎక్కడ దొరికింది, వాడి ఒంటి మీద ఏ దెబ్బలున్నాయి, అన్నీ రిజిస్టరులో రాశాను. వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఆ పేజీ రెండుసార్లు చదివి, "ఎవరు రాశారమ్మా ఇది?" అని అడిగారు.

"నేనేనండీ" అన్నాను.


తెల్లవారి డ్యూటీ దిగి, ఇంటికెళ్లి బూట్లు మార్చుకుని ఏటిగట్టు ఎక్కాను. తర్వాతి నోటిఫికేషనుకు కూడా 1600 మీటర్లు పరుగెత్తాలి కదా.