పుట్టినరోజు కోసం వేటపాలెం

మా అమ్మకు ఆధార్ కార్డులోనూ, బ్యాంకు పుస్తకంలోనూ, ఓటరు కార్డులోనూ పుట్టినతేదీ 1952 జులై 1 అని ఉంటుంది. అది బడిలో చేర్చుకున్న రోజున పంతులుగారు తమకు తోచినట్టు వేసిన తేదీ. అసలు సంగతి మా అమ్మమ్మ చెబుతూ ఉండేది: "ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, దీపావళి మర్నాడు తెల్లవారుజామున పుట్టావే. అరుగు మీద ప్రమిదలు ఇంకా తీయనేలేదు." డెబ్బై దాటాక అమ్మకు ఆ తేదీ తెలుసుకోవాలనే కోరిక పుట్టింది. మా మేనల్లుడు ఫోనులో వెతికి ఒక్క నిమిషంలో చెప్పాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లూ ఎవరో వేసిన తేదీతోనే బతికాను. ఇదీ ఎవరు వేశారో ఏమో. ఆనాటి పంచాంగంలో నా కళ్లతో చూడాలి" అంది.

ముందుగా అమ్మ ఉంటున్న ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లాం. పాత పంచాంగాలు అక్కడ ఉంటాయని కాదు, ఎక్కడ దొరుకుతాయో అడుగుదామని. గోడ మీద పనివేళలు రాసి ఉన్నాయి, తలుపుకు తాళం ఉంది. ఎదురుగా ఉన్న టీకొట్టు అతను, లైబ్రేరియన్ రెండు ఊళ్లు చూసుకుంటున్నారనీ, ఏ రోజు ఎక్కడ ఉంటారో తెలియదనీ చెప్పాడు. కిటికీలోంచి చూస్తే దినపత్రికలు పరిచే పొడవాటి బల్ల కనిపించింది. నేను ఏడో తరగతి వేసవి సెలవులన్నీ కూర్చున్నది ఆ బల్ల దగ్గరే. ఇంట్లో ఆరుగురం రెండు గదుల్లో ఉండేవాళ్లం. నేను ఒక్కదాన్నే కూర్చుని, ఎవరూ పని చెప్పకుండా రెండు గంటలు చదువుకోగలిగిన చోటు ఊరు మొత్తంలో అదొక్కటే.

పాత పంచాంగాలు దొరుకుతాయని వేటపాలెం గ్రంథాలయం పేరు చెప్పింది మాతో పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు. మర్నాడు పొద్దున బస్సులో తెనాలి చేరి, అక్కడ రైలెక్కి చీరాలలో దిగాం. స్టేషను బయట ఆటో అతను ఎనిమిది కిలోమీటర్లకు మూడువందలు అడిగాడు. బేరమాడి రెండువందలకు ఒప్పించేసరికి నాకు చిరాకు వచ్చింది గానీ అమ్మ మాత్రం కొత్తచీర నలగకుండా సర్దుకుని అప్పటికే ఎక్కి కూర్చుంది. వేటపాలెం వీధుల్లోకి రాగానే మగ్గాల చప్పుడు వినిపించింది. జీడిపప్పు కొట్ల ముందు ఆటో రెండుసార్లు ఆగబోతే, వచ్చేటప్పుడు చూద్దామని ఆమే ముందుకు పోనిమ్మంది.

మేం వెతుక్కుంటూ వచ్చిన ఆ గ్రంథాలయం పేరు సారస్వత నికేతనం. దాన్ని 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి నెలకొల్పారు. గాంధీజీ ఈ గ్రంథాలయానికి వచ్చారు; ఆయన చేతికర్ర ఇప్పటికీ ఇక్కడ ఉంది. చాలామంది ఆ కర్రను చూడటానికి వస్తారట, అది సహజమే. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచింది వేరే ఉంది. వందేళ్లకు పైగా ఈ ఊరివాళ్లు దినపత్రికలను చిత్తుకాగితాల కింద అమ్మెయ్యలేదు. తేదీల వారీగా కట్టలు కట్టి, అట్టలు వేసి, చెదపురుగు నుంచీ ఉప్పుగాలి నుంచీ కాపాడుకుంటూ వచ్చారు. పంచాంగాలనూ అలాగే దాచారు. తమకు అప్పటికి ఏ ఉపయోగమూ లేని కాగితం ఎప్పుడో ఎవరికో కావలసివస్తుందని నమ్మి దాచడం సామాన్యమైన పని కాదు. ఆ ఎవరో ఆ రోజు మా అమ్మ.

మేం చెప్పింది విని అక్కడి ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పుట్టినతేదీల కోసం, జాతకాల కోసం రావడం ఇక్కడ మామూలేనని చెప్పి, "విజయనామ సంవత్సరం కదమ్మా" అంటూ లోపలికి వెళ్లారు. కాసేపటికి పల్చటి పంచాంగం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. పుటల అంచులు టీ రంగుకు తిరిగి, వేలు తగిలితే రాలిపోయేట్టున్నాయి. అమ్మ కళ్లజోడు తుడుచుకుని, వేలితో తాకకుండా ఒక పుల్లతో వరుసలు వెతుక్కుంటూ పోయింది. ఆమె చదివింది ఐదో తరగతి వరకే అయినా తిథి, వారం, నక్షత్రం చదవడంలో నాకంటే చురుకు. ఆశ్వయుజ బహుళ అమావాస్య, శుక్రవారం, నవంబరు 6. ఆ కింది వరుస కార్తిక శుద్ధ పాడ్యమి, శనివారం, నవంబరు 7. పుల్ల అక్కడ ఆగిపోయింది. "శనివారం పుట్టాను" అని నెమ్మదిగా అంది. ఇంకేమీ అనలేదు. కళ్లజోడు మళ్లీ తీసి తుడుచుకుంది.

పంచాంగం తిరిగి ఇచ్చేటప్పుడు ఆయనే, ఆనాటి పేపరు కూడా చూస్తారా అని అడిగారు. మాకు ఆ ఆలోచనే లేదు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చినంత పెద్ద కట్ట వచ్చింది. 1953 నవంబరు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల దాటింది, కర్నూలు రాజధాని, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. పాఠపుస్తకంలో నేను పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన ఆ నాలుగు ముక్కలూ అమ్మ బారసాల జరిగిన రోజుల్లోని వార్తలని నాకు ఎన్నడూ తట్టలేదు. అమ్మ గంటన్నరసేపు ఆ కట్ట వదల్లేదు. వార్తలకన్నా ప్రకటనలే ఎక్కువ చదివింది. చీరల బొమ్మలూ, మందుల పేర్లూ, సినిమా బొమ్మలూ చూస్తూ, "అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టుకుని ఉన్నప్పుడు ఊళ్లో ఇవన్నీ అమ్ముతున్నారన్నమాట" అంది. ఫోను తేదీని సరిగ్గానే చెప్పింది. కానీ ఆ రోజును చూపించలేకపోయింది. కట్ట తెచ్చినాయనకు తెలుసు, తేదీ కోసం వచ్చినవాళ్లకు ఆ రోజు కూడా కావాలని. గ్రంథాలయాలు తెరిచి ఉంచాలని నేను అంటూ ఉంటాను. అలా అన్నప్పుడు భవనం ఒక్కటే కాదు, పక్క కట్టలో ఏముందో తెలిసిన ఆ మనిషి కూడా ఉండాలని నా ఉద్దేశం.

మధ్యాహ్నం అక్కడే బయట కూర్చుని పులిహోర తింటున్నప్పుడు అమ్మ మా తాతయ్య సంగతి చెప్పింది. వాళ్లది కొల్లిపర. 1935లో పెదపాలెం సేవాశ్రమం నుంచి పాతూరి నాగభూషణంగారి పూనికతో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య ఒడ్డున ఉన్న పల్లెల్లో ఆగి పుస్తకాలు ఇచ్చి, పాతవి తీసుకుని వెళ్లేది. తాతయ్య చిన్నపిల్లవాడిగా పడవ కోసం గేదెలను వదిలేసి గట్టు వెంట పరుగెత్తేవాడట. ఈ కథ నాకు తెలిసినదే, కానీ ఆ రోజు వేరుగా వినిపించింది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమైన నాటికి, గ్రంథాలయోద్యమం కోసం అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరిగిన నాటికి, ఇంటిపన్నులో గ్రంథాలయాలకంటూ వాటా ఏదీ లేదు. చదువు రానివాళ్లు అత్యధికులుగా ఉన్న దేశంలో, పుస్తకం మనిషి దగ్గరికి పడవలో పోవాలని అనుకున్నారు. ఇప్పుడు మనిషి పుస్తకం దగ్గరికి నడిచి వెళితే తలుపు తెరిచి ఉండటం లేదు.

డబ్బు లేదంటారా అంటే, ఆ డబ్బు మనం కడుతూనే ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయాలి. ఆ జమ కావడంలోనే ఏళ్ల తరబడి బకాయిలు పడుతున్నాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పుస్తకాల కొనుగోలు ఆగిపోవడానికీ, రిటైరైన వారి చోట కొత్తవారు రాకపోవడానికీ, ఒకే మనిషి రెండు ఊళ్ల తాళాలు మోయడానికీ మూలం అక్కడే ఉంది. తిరుగు రైలులో ఈ సంగతి చెబితే అమ్మ తన ఇంటిపన్ను రసీదులో ఆ వాటా ఉందా అని అడిగింది. ఉంటుందని చెప్పాను. "అయితే మనం డబ్బు కట్టిన తలుపుకే తాళం వేశారన్నమాట" అంది. నేను ఎన్నిసార్లు ఎంత పొడుగ్గా చెప్పినా అంత సూటిగా చెప్పలేకపోయాను.

ఇప్పుడెవరు చదువుతున్నారనే మాట చాలామంది నోట వింటున్నాను. హైదరాబాదులో నేనుండే చోటికి దగ్గరగా చిక్కడపల్లి గ్రంథాలయం ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని వచ్చి, లోపల చోటు దొరక్కపోతే చెట్ల కింద కూర్చుంటారు. వాళ్లలో చాలామంది హాస్టలు గదుల్లో నలుగురు ఐదుగురు కలిసి ఉండేవాళ్లు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ప్రైవేటు రీడింగు రూముల్లో నెలకు వెయ్యీ రెండువేలూ కట్టగలిగినవారు అటు పోతారు, కట్టలేనివారికి ఇదే దిక్కు. ఆ పిల్లలను చూసినప్పుడల్లా మా ఊరి పొడవాటి బల్ల నాకు గుర్తుకొస్తుంది.

జీడిపప్పు ధర విని అమ్మ పావుకిలోతో సరిపెట్టుకుంది. మేం ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. వేటపాలెంలో సందర్శకుల పుస్తకంలో రాయమంటే ఆమె తన పేరూ, ఊరూ రాసి, ఆ కింద "జననం 7-11-1953, శనివారం" అని వేసి వచ్చింది. ఆ తేదీ ఒక కాగితం మీద ఎక్కడం అదే మొదటిసారి.

మర్నాడు ఎనిమిది గంటలకు ఆమె ఇంటిపన్ను రసీదు మడిచి పర్సులో పెట్టుకుని బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. శాఖా గ్రంథాలయానికి తాళం అలాగే ఉంది. మెట్ల మీద ఒక కుర్రాడు డీఎస్సీ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. రోజూ వస్తానని, తెరిస్తే లోపల చదువుకుంటానని, తెరవకపోతే ఎండ వచ్చేదాకా ఇక్కడే చదువుకుని వెళ్తానని చెప్పాడు. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని వస్తానని నేను టీకొట్టు వైపు నడిచాను.