పాత కార్డుల వెనుక వైపు

మా ఊరి బొమ్మలున్న పాత పోస్టుకార్డులను చాలాకాలంగా సేకరిస్తున్నా, బొమ్మకంటే వెనుక వైపే ఎక్కువ చెబుతుందని ఈమధ్యనే గ్రహించాను. 1869లో ఆస్ట్రియా-హంగరీ తొలి పోస్టుకార్డును విడుదల చేసిన తరువాత చాలా ఏళ్లపాటు ఆ వైపు చిరునామాకే పరిమితమై ఉండేది కాబట్టి, నా దగ్గరున్న ఒక కార్డులో ఎవరో తమ క్షేమసమాచారాన్నంతా బొమ్మలోని ఆకాశం మీదనే చీమల బారులా ఇరికించి రాశారు. బ్రిటన్ 1902లో, అమెరికా 1907లో వెనుక వైపును రెండు భాగాలు చేసి ఉత్తరానికీ చోటిచ్చాయి. అందుచేత మధ్యలోని నిలువు గీత కార్డు వయసును చాలావరకు పట్టిస్తుంది. తపాలా ముద్ర మీది తేదీని మాత్రం నేను ఫోటో తేదీగా నమ్మను, ఎందుకంటే ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా మిగిలిన కార్డును కూడా ఎవరో కొని పంపి ఉండవచ్చు. నిన్న ఒక కార్డు బొమ్మ అచ్చు వేసినదో అసలు ఫోటోనో తేల్చుకోవడానికి భూతద్దంతో అచ్చు చుక్కలను వెతుకుతుండగా, మేడ కిటికీలో ఇన్నాళ్లూ మరక అనుకున్నది ఒక మనిషి ముఖమని తెలిసింది.