ప్లానులో లేని చెట్టు

ఇంజినీరు ఇచ్చిన ప్లాను ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. చూసినకొద్దీ మనసు పాడవుతోంది, నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

అత్తయ్యగారు మెట్లెక్కలేకపోతున్నారు, కింద గది వెయ్యాలి. అందులో వాదన లేదు. కానీ ఆ కాగితంలో మంచం గీశాడు, టీవీ స్టాండు గీశాడు, కర్టెన్ రాడ్డు కూడా గీశాడు. వేపచెట్టు మాత్రం లేదు. అది ఉన్నచోట అటాచ్డ్ బాత్రూమ్! పక్కన పడమటి గోడకు నిలువెత్తు అద్దాల కిటికీ, "వ్యూ కోసం మేడమ్" అన్నాడు. చెట్టు తీసేశాక వ్యూ ఏముంది, పక్కింటి కాంపౌండు గోడ తప్ప? మే నెలలో మద్రాసు పడమటెండ నేరుగా ఆవిడ మంచం మీద పడుతుంది. సముద్రపు గాలి వచ్చే తూర్పు వైపేమో బీరువాలతో మూసేశాడు. మా ఆయన "అతను చదువుకున్నవాడు కదా" అని పేపరు తిరగేశారు. ఒళ్ళు మండింది.

2016 డిసెంబరు 12, వర్దా తుఫాను రోజు. ఊళ్ళో వేల చెట్లు కూలాయి. ఉత్తరం నుంచి కొట్టి కొట్టి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తుఫాను కన్ను మన మీదుగా పోతోందని తర్వాత తెలిసింది. ఆ కాసేపట్లో అత్తయ్యగారు తలుపు తీసుకుని వెళ్ళి చెట్టు మొదలు తడిమి వచ్చారు, నేను అరుస్తున్నా వినకుండా. మళ్ళీ దక్షిణం నుంచి మొదలైంది. వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. మానుకు మానే ఊగుతోంది, మొదలు దగ్గర మట్టి లేచి దిగుతోంది. ఎదురింటి తురాయి పడిపోయింది. మాది ఒక కొమ్మ పోగొట్టుకుని నిలిచింది. తర్వాతి ఉగాది పచ్చడికి పువ్వు దానిదే.

ఇందాకటిదాకా నా ఉపాయం వేరు. స్లాబులో గుండ్రంగా చోటు వదిలి, చెట్టును గదిలోంచే పైకి పోనిద్దామనుకున్నాను. ఆ లేచి దిగిన మట్టి గుర్తొచ్చాక భయం వేస్తోంది. ఊగే మాను చుట్టూ కాంక్రీటు బిగిస్తే ఎలా? పునాది తవ్వితే తెగేవి దాన్ని నిలబెట్టిన వేర్లే. చెట్టు ఉంచుకుంటే గోడ దానికి ఆనుకుని ఉండకూడదని ఇంజినీరు అంటే విసుక్కున్నాను. ఆ ఒక్క మాట మాత్రం నిజం.

అయితే గదే తగ్గాలి. బాత్రూమ్ ఉత్తరానికి జరగాలి. చెట్టు వైపు పెంకుల వసారా చాలు, ఒక కుర్చీ పట్టేంత. చెట్టు చుట్టూ సిమెంటు వద్దు, వాన నీళ్ళు ఇంకాలి.

పొద్దున్నే టేపు పెట్టి చెట్టు మొదలు నుంచి కొలవాలి. కిటికీ ఎటు కావాలో అత్తయ్యగారిని అడగాలి. ఆవిడ గది గురించి ఆవిడను ఇంతవరకు మేమెవరం అడగనే లేదు.